తేట చేసిన ముఖాలు

11 నవంబరు 2001, ఆదివారం. పెనుకొండ

నీలావతి పోయి తొమ్మిది నెలలు. మధ్యలో అధికమాసం పడినందువల్ల సంవత్సరీకం ఫిబ్రవరి 28న వస్తుందని అయ్యవారు చెప్పాడు.

మా అత్త రత్నమ్మ అప్పటినుంచి లేపాక్షికి తిరిగి వెళ్ళలేదు, ఇక్కడే ఉంది. ఆ రోజుకు గోడ మీద పెద్ద ఫోటో ఉండాలంటుంది. హిందూపురం హాస్టల్ నుంచి వైష్ణవి వచ్చింది కదా అని, ఇంట్లో ఉన్న నీలావతి ఫోటోలన్నీ చాప మీద పరిచాను. పదిహేడు. అన్నీ నేను తీసినవే.

అత్త ఒకటి తీసి కళ్ళకద్దుకుంది. "ఇది పెద్దది చేయప్పా. లచ్చిందేవి మాదిరి ఉండాది."

వైష్ణవి పదిహేడూ ఒక్కొక్కటిగా చూసింది. "వీట్లో అమ్మ యాడుంది నాయనా?"

"కండ్లు కనపడవా పాపా నీకు?" అంది అత్త.

"అమ్మ నల్లగుండె అవ్వా, నా మాదిరి. ఈమె ఎవరో."

"సచ్చినోళ్ళను నల్లగుండె అంటారా ఎవురన్నా?"

"ఉన్నట్టు ఉండే ఫోటో ఒక్కటి ఇస్తే దండేస్తా. ఎవరో ఆడమనిషికి దండేసి మొక్కమంటే నాతో కాదు. ఆ రోజు రాను కూడా రాను."

లైటు సరిగా పడలేదని చెప్పాను. పదిహేడింటిలోనూ పడలేదా అంది. బస్సు టైమైంది.

12 నవంబరు

మా స్టూడియోలో కుడివైపు లైటు మొదటినుంచీ ఎక్కువే. నిజం.

18 నవంబరు, ఆదివారం

వైష్ణవి కెమిస్ట్రీ పుస్తకం పట్టుకొని డార్క్‌రూమ్‌లోకి వచ్చింది. షెల్ఫులో ఎర్ర స్ఫటికాల సీసా తీసి లేబుల్ చదివింది. పొటాషియం ఫెర్రిసయనైడ్.

"మా పుస్తకంలో దీనికి వేరే పేరుంది నాయనా. పొటాషియం హెక్సాసయనోఫెర్రేట్ త్రీ."

"మేము బీఎస్సీ చదివేటప్పుడు ఫెర్రిసయనైడ్. ధర్మవరంలో నాకు పని నేర్పిన సంజీవప్ప ఎర్ర ఉప్పు అనేవాడు. పక్కనే పసుపు ఉప్పు ఉంటుంది, అది ఫెర్రో. దాంతో మాకు పని లేదు."

"మీ ఫోటోగ్రాఫర్లు దీన్ని రెడ్యూసర్ అంటారు కదా. ఇది ఆక్సీకరణి."

"ఫోటోలో నలుపు తగ్గిస్తుందని ఆ పేరు పెట్టుకున్నారు. నువ్వన్నదే సరి. ఆ నలుపు వెండి. ఈ ఉప్పులోని ఇనుము వెండి దగ్గర ఎలక్ట్రాన్ తీసుకొని, మూడు నుంచి రెండుకు దిగుతుంది. ఆ వెండిని హైపో మందు కడుక్కుపోతుంది."

"నలుపంతా వెండేనా?"

"వెండే."

"అయితే అమ్మ మొగంలో వెండంతా యాడికి పోయింది?"

ఈ పిల్లకు ఇంత సూటిగా అడగడం నీలావతి నేర్పింది.

ఈలోగా వాకిట్లో ఉన్న అత్త చెవిన ఒక్క మాటే పడింది. పరుగున వచ్చింది. "సయనైడా! ఇంట్లో పెట్టుకోనుండావా అబ్బా? ఒగ ఆడపిల్ల ఉండాది, నువ్వు ఏమన్నా చేసుకుంటే దాని గతేంది?"

"ఇది మనిషిని చంపేది కాదత్తా. ఇందులో ఉన్నదాన్ని ఇనుము గట్టిగా పట్టుకొని ఉంటుంది, వదలదు. ఇరవై ఏండ్లుగా దీంతోనే పని చేస్తున్నాను."

"ఇరవై ఏండ్లు వేరు. ఇప్పుడు వేరు."

ఆమె లేపాక్షికి ఎందుకు పోవడం లేదో ఈరోజు అర్థమైంది.

19 నవంబరు

సీసా కనపడలేదు. అత్త విషమని భయపడి బియ్యం డబ్బాలో దాచింది. తీసి, కడిగి, షెల్ఫులో పెట్టాను. ఆ డబ్బాలో బియ్యం కూడా పారబోయించాను.

25 నవంబరు

లైటు గురించి రాసింది అబద్ధం.

పెళ్ళి ఫోటోకు కూతుర్ని తెచ్చిన ప్రతి తల్లీ "మొగం తేట చేయప్పా" అనేది. తడి ప్రింటు మీద, పుల్లకు చుట్టిన దూదితో, ఎర్ర ఉప్పు నీళ్ళు ముఖం మేరకు అద్ది హైపోలో వేస్తే చాయ ఒక మెట్టు తేలుతుంది. నా స్టూడియో పేరు తెచ్చుకున్నది ఆ పనితోనే. పోనుపోను అడగని వాళ్ళకు కూడా చేసేవాణ్ణి. ప్రింటు ట్రేలో ఉంటే చేయి దూది వైపు దానంతటదే పోయేది.

నీలావతి ఎప్పుడూ అడగలేదు. పదిహేడింటికీ చేశాను. ఒకసారి తీగ మీద ఆరేసిన ప్రింటు చూసి, "నన్ను ఎప్పుడన్నా కడగకుండా వదుల్తావా?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

2 డిసెంబరు

నెగటివ్‌ల మీద నేను ఎప్పుడూ చేయి వేయలేదు. అవి ఉంటే ఆమె ఉన్నట్టే.

అవి లేవు. పోయిన ఏడాది మార్చిలో, అందరూ కలర్ అడుగుతున్నారని, బ్లాక్ అండ్ వైట్ పాస్‌పోర్టు ఫోటోలకు మాత్రమే ఉంచుకొని, పాత నెగటివ్‌లు మూడు గోనెలు ధర్మవరం కుళ్ళాయప్పకు అమ్మేశాను. పాత ఫిల్ము నుంచి వెండి తీయడం అతని పని. గోనెలు కుట్టేముందు నీలావతి, "నావి పక్కన పెట్టు" అంది. పెడతానన్నాను. కవర్ల మీద పేర్లు చదవడానికి ఒక పూట పట్టేది. ఆ ఒక్క పూట నేను పెట్టలేదు.

5 డిసెంబరు

ప్యాసింజర్‌లో ధర్మవరం వెళ్ళాను. కుళ్ళాయప్ప మగ్గాల వీధి చివర, పెరట్లో తొట్ల మధ్య ఉన్నాడు.

"ఏమప్పా పెనుకొండాయప్పా, మళ్ళా గోనెలు తెచ్చినావా?"

"తేలేదు. ఇచ్చినవాటిలో ఒకటి కావాలి. నా భార్యది."

"ఏడాదిన్నర పైన అయిపాయ. అవి కరిగి, వెండయి, ఎవురి కాళ్ళకు పట్టీలయినాయో ఏమో." నా ముఖం చూసి ఆగాడు. లోపలికి కేక వేశాడు. "యామే, నీ ముత్తైదువల పెట్టెలు తెరువు."

అతని భార్య కుళ్ళాయమ్మ రెండు రేకు పెట్టెలు ఈడ్చుకొచ్చింది. వాటి నిండా నెగటివ్‌లు.

"పెండ్లయిన కొత్తలో ఒగదాన్ని ఎండకు పెట్టి చూస్తినప్పా," అంది. "మెళ్ళో తాళిబొట్టు కనపడె. ముత్తైదువను తాళితో సహా మందులో ముంచుతావా, కట్టినోడు యాడో బతికుంటాడు గదా అంటి. ఆ పొద్దు నుంచి తాళి కనపడితే తీసి దీంట్లో ఏస్తా."

"దీని పాపభయానికి నా యాపారం సగం పెట్టెలోకి పోయింది," అన్నాడు కుళ్ళాయప్ప.

"పోతే పోనీ. నీ తొట్లే పోలేదు గదా."

ఎందుకు కావాలని వాళ్ళు అడగలేదు. నీలావతి లేదని నేనూ చెప్పలేదు. సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుని చూశాను. దొరకలేదు.

7 డిసెంబరు

మళ్ళీ ధర్మవరం. దొరకలేదు.

11 డిసెంబరు

మొదటి పెట్టె అయిపోయింది. కుళ్ళాయమ్మ సంగటి పెట్టి, "ఎట్లుంటాది నీ పెండ్లాము?" అంది.

"నల్లగా."

"నెగటివ్‌లో నల్లోళ్ళు తెల్లగ గదప్పా కనపడేది. తెల్లగుండే వాళ్ళను చూసుకుంటూ పో, తొందరగా దొరుకుతాది." తన మాటకు తానే నవ్వింది.

14 డిసెంబరు

దొరికింది.

చదరపు నెగటివ్, కవరు లేదు. పన్నెండేళ్ళ కిందట కొత్త కెమెరా పరీక్షించడానికి ఇంటి గడప దగ్గర తీసింది. ఒళ్ళో చేట, చేటలో వేరుశనగ కాయలు. ఒలుస్తూ పక్కకు చూస్తోంది. తాళి కొంగు మీదకు జారింది. నోరు కొంచెం తెరిచి ఉంది. ఆ మాట గుర్తుంది. "ఫిల్ము దండగ చేయొద్దు."

ఇది ప్రింటు వేయనే లేదు. అందుకే తేట చేయలేదు.

కుళ్ళాయమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకొని చూసింది. "సల్లగుండాల ఇద్దరూ," అంది. సరేనన్నాను.

16 డిసెంబరు, ఆదివారం

పరీక్షలని వైష్ణవి రాలేదు. హాస్టల్‌కు ఫోన్ చేసి దొరికిందని చెప్పాను. "నాయనా, నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు. ఏం చేయొద్దు," అంది.

సరే అన్నాను.

17 డిసెంబరు

రేకు పెట్టె వేడికి ఫిల్మంతా మసకబారింది. కొలత చూసుకోవడానికి కాంటాక్టు ప్రింటు ఒకటి తీశాను. నెగటివ్ అంతే ఉంది ఫోటో, రెండంగుళాలు కొంచెం పైన. అంతా బూడిద రంగు. అందులో ఆమె ముఖం నల్లగా ఉంది, పళ్ళు కనిపిస్తున్నాయి.

ఇది చాలదు. పెద్దది చేస్తే మసక తప్ప మరేమీ కనపడదు.

18 డిసెంబరు

మసక తీయడానికి ఉన్న దారి ఒకటే. సంజీవప్ప కూడా ఇదే చేసేవాడు. ఎర్ర ఉప్పు నీళ్ళల్లో పలచగా కలిపి, ఒక్క నిమిషం.

20 డిసెంబరు

నెగటివ్ శుభ్రపడింది.

21 డిసెంబరు

గడప గీతలు స్పష్టంగా ఉన్నాయి. చేటలో కాయలు లెక్కపెట్టవచ్చు. ముఖం కొంచెం పలచబడింది.

23 డిసెంబరు, ఆదివారం

వైష్ణవి ఈ వారం కూడా రాలేదు. మంచిదే. ఫోన్‌లో నెగటివ్ బాగుందా అంది. బాగుంది అన్నాను.

30 డిసెంబరు

బాగుంది అన్నాను.

6 జనవరి 2002, ఆదివారం

వైష్ణవి వచ్చి వెళ్ళింది. నెగటివ్ చూపించమంది. పెద్దది చేసే పనిలో ఉన్నాను, తర్వాత చూద్దువు అన్నాను. నమ్మింది.

9 జనవరి

ముఖం పలచబడిందని రాశాను. ముఖం లేదు.

తెల్ల ముఖం నెగటివ్‌లో దట్టమైన వెండి. నల్ల ముఖం పలచని వెండి. ఎర్ర ఉప్పు అంతటా ఒకే లెక్కన తింటుంది, కాబట్టి పలచనిది ముందు పోతుంది. ఇది నాకు తెలియక కాదు. పాతికేళ్ళ కిందట పరీక్షలో రాశాను.

నిమిషానికి మసక తీరింది. అప్పుడే తీసేయాలి. ముఖం దగ్గర ఇంకా కొంచెం మిగిలి ఉందనిపించింది. ట్రే మరో అరనిమిషం ఊపాను. ఆ మిగిలింది మసక కాదు. ఆమె.

ఫిల్ములో చీర ఉంది, చేట ఉంది, తాళి ఉంది. మెడ పైన అద్దం మాదిరి ఉంది.

20 జనవరి

అత్తకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి. ఆమె వాకిట్లో కొర్రలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"నేను గదా మొదట అడిగింది," అంది.

ఇరవై ఏళ్ళయింది. లేపాక్షి నుంచి కూతుర్ని తీసుకొచ్చి తేట చేయమని అడిగింది ఆమే. ఆ ఫోటో చూసి తనకల్లు నుంచి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, పిల్లను చూసి, కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. ఆ సంగతి విని, సిగ్గుపడి, మా నాయనను వెంటబెట్టుకొని పిల్లనడగడానికి నేను వెళ్ళాను. పెళ్ళయ్యాక నీలావతి అడిగింది, "నువ్వు ఫోటో చూసి వచ్చినావా, నన్ను చూసి వచ్చినావా?" నిన్నే అన్నాను. అయినా తర్వాత పదిహేడుసార్లు దూది పట్టుకున్నాను.

"అది ఏడ్చింది ఆ పొద్దు," అంది అత్త. "వాళ్ళు లేచిపోయినందుకు గాదు. అమ్మా, నీకు కూడా నేను సాల్లేదా అని."

ఇది నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ చెప్పలేదు.

10 ఫిబ్రవరి, ఆదివారం

వైష్ణవి వచ్చింది. బ్యాగు దించకముందే, "పెద్దది అయిందా నాయనా?" అంది.

చెప్పాను.

"ముట్టుకోవద్దంటి కదా."

"అన్నావు."

"మరి?"

"మసక తీద్దామనుకున్నాను."

"నాకు మసకతోనే కావాల్సింది నాయనా."

నెగటివ్ అడిగింది, ఇచ్చాను. కిటికీకి పట్టుకొని చూసింది. మెడ పైన ఖాళీలోంచి వీధిలో పోయే ఆటో కనపడి ఉంటుంది. దాన్ని బల్ల మీద పెట్టి, అన్నం తినకుండా తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది. కాంటాక్టు ప్రింటు ఉందని చెప్పడానికి నోరు రాలేదు. అంత చేసి, ఇదిగో ఈ ముక్క మిగిలిందని ఎట్లా చెప్పేది?

17 ఫిబ్రవరి

రాలేదు.

24 ఫిబ్రవరి

రాలేదు. హాస్టల్‌కు ఫోన్ చేస్తే చదువుకుంటోందని చెప్పించింది.

26 ఫిబ్రవరి

కాంటాక్టు ప్రింటు అత్తకు చూపించాను. అరచేతిలో పెట్టుకొని వాకిట్లోకి పోయింది. కళ్ళకు ఆనదని, నా టేబుల్ మీది భూతద్దం తీసుకుపోయి చూసింది.

"శెనిక్కాయలు వలస్తాంది," అంది. అద్దం ఇంకొంచెం దగ్గరికి పట్టుకొని, "నా కూతురే. చేన్లోనుంచి అప్పుడే వచ్చినట్టుండాది," అంది.

పెద్దది చేయడానికి కుదరదని, ఇక ఇంతేనని చెప్పాను.

"ఇంతే ఉండనీ." ఫోటోను తమలపాకుల సంచిలో పెట్టుకుంది. "రేపు నేను పోతా హిందూపురం. నువ్వు రావద్దు."

27 ఫిబ్రవరి

పొద్దున పోయిన మనిషి సాయంత్రం ఆరు గంటల బస్సులో దిగింది. వెనక వైష్ణవి. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. వైష్ణవి నాతో మాట్లాడలేదు. కాళ్ళు కడుక్కొని అవ్వ పక్కన కూర్చుని విస్తరాకులు తుడిచింది.

28 ఫిబ్రవరి, గురువారం

సంవత్సరీకం జరిగింది. బంధువులు పాతికమంది వచ్చారు. గోడకు పెద్ద ఫోటో లేదు. పీట మీద చిన్న ఫ్రేము, అందులో ఆ ముక్క.

"ఏందబ్బా, ఫోటోగ్రాఫర్ ఇంట్లో ఇంత చిన్న ఫోటోనా?" అన్నాడు చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన మా పెద్దనాయన కొడుకు వెంకటరాముడు. "మా రేషన్ కార్డుది దీనికంటే పెద్దది."

"అది ఉండేది ఇంతే అన్నా," అన్నాను. అతను వంగి దగ్గరగా చూశాడు, చూసినవాడు అట్లాగే కొంతసేపు వంగి ఉండిపోయాడు. "వదినమ్మ మాదిరే ఉండాది," అని లేచాడు. తనకంటే చిన్నదైనా నీలావతిని అతను వదినమ్మ అనేవాడు.

వైష్ణవి దండ వేసింది. దండ వేసేసరికి ఫోటో మొత్తం పూలలోకి పోయింది. ఏం చేయాలో తెలియక అందరం చూస్తున్నాము. అత్త దండ తీసి పక్కన పెట్టి, ఒక్క చామంతి ఫ్రేము కింద పెట్టింది.

3 మార్చి, ఆదివారం

వైష్ణవి నిన్న వెళ్ళాల్సింది. ఉండిపోయింది. పొద్దున స్టూడియో తాళాలు తానే తీసింది.

"ఎంసెట్ దరఖాస్తుకు ఫోటో కావాలి."

నాలుగు రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

స్టూలు మీద కూర్చుంది. లైట్లు వేశాను. కుడివైపు లైటు కాస్త వెనక్కి జరపబోయాను.

"ఉండనీ నాయనా. ఉన్నట్టు తీయి." కెమెరా వైపు చూస్తూనే అంది, "టెన్త్ పరీక్షలో హాల్‌టికెట్ చూసి సారు నన్ను రెండు మార్లు లేపి నిలబెట్టినాడు. ఈ ఫోటో నీది కాదు, ఎవరి బదులు రాస్తాండావు అని. క్లాసంతా నవ్వె. అమ్మకు చెప్పినా. నాయనకు చెప్పొద్దు, బాధపడతాడు అనె."

లైటు అక్కడే వదిలి, బటను నొక్కాను. కళ్ళు మూసుకోకుండా చూస్తూ ఉంది.

ఫిల్ము కడిగి, ఆరాక, మధ్యాహ్నం ప్రింటు వేశాను. ఎర్ర బల్బు కింద, డెవలపర్‌లో ముందు జుట్టు వచ్చింది, తర్వాత కళ్ళు, తర్వాత ముఖం. వైష్ణవి పక్కనే నిలబడి చూసింది. హైపోలో వేశాను. దూది చుట్టిన పుల్లలు డబ్బాలో ఉన్నాయి. చేయి ఒకసారి అటు పోయింది. ఆమె చూసింది. ఆపలేదు. చేయి వెనక్కి తీసుకొని, నీళ్ళ ట్రే దగ్గరకు జరిపాను. ప్రింటు నీళ్ళలో వేసి కడిగాను.

ఎనిమిది కాపీలు కత్తిరించాను. అత్త ఒకటి అడిగి తీసుకుంది. "నల్లగుండాది," అంది. వద్దంటుందేమో అనుకున్నాను. తమలపాకుల సంచిలో పెట్టుకుంది.

వైష్ణవి బల్ల మీద దరఖాస్తు పరిచి ఫోటో అతికించింది. సంతకం సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడాలని కింద రాసి ఉంది. తలవంచుకొని, మెల్లగా, అట్లాగే పెట్టింది.